ఏడాదికో పొర

నిన్న పొద్దున అమ్మ ఫోన్ చేసింది. "మీ నాయన పెట్టె తెరిచినా. పనులుంటే అట్ల పెట్టి రోంత వచ్చి పో," అంది. నాయన రియాద్‌లో కొలువు వదిలేసి, ఇంక పోనని చెప్పి, కడపలో దిగి వారం కాలేదు. పెట్టెలో ఏముందో అమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఫోన్ పెట్టేసి, ఏం తోచిందో ఏమో, రిమోట్ తీసుకుని గదిలో ఏసీ ఆపేశాను. బయట వాన పడి వెలిసి, కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. ఏసీ మూలుగు ఆగేసరికి పక్కింట్లో ఎవరో పోపు వేస్తున్న చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడు చాలు నాకు, పదకొండేళ్ళ పిల్లనైపోవడానికి.

రియాద్‌లో పెరిగిన పిల్లలకు ఉండేవి రెండే కాలాలు. ఏసీ ఆడే కాలం, ఏసీ ఆగిన కాలం. మొదటిది ఎంతకీ తెమలదు. మా హాల్లో గోడకున్న పెట్టె ఏసీ ఏడెనిమిది నెలలు రాత్రీ పగలూ గుర్రుమంటూనే ఉండేది. దాని మోతలో మాట్లాడుకుని మాట్లాడుకుని మా ఇంట్లో అందరికీ గొంతులు పెద్దవయ్యాయి. ఇప్పటికీ మా ఆయన, "ఎందుకలా అరుస్తావ్, పక్కనే ఉన్నాగా," అంటాడు. అది అరుపు కాదు, నేను పెరిగిన ఇల్లు అలాంటిది, ఏం చేయమంటారు.

నాయన ఏసీ మెకానిక్కు. ఎండాకాలమంతా ఊళ్ళోవాళ్ళ ఇళ్ళు చల్లబరచడానికే సరిపోయేది ఆయనకు. మేము లేవకముందే వెళ్ళేవాడు, మేము పడుకున్నాక వచ్చేవాడు. ఆయన ఇంట్లో ఉన్నాడనడానికి గుమ్మం దగ్గర దుమ్ముకొట్టుకున్న బూట్లే గుర్తు. శుక్రవారం కూడా ఫోన్ మోగేది. తమ్ముడైతే చిన్నప్పుడు నాయన ఫోన్లోనే ఉంటాడనుకునేవాడు.

అందుకే చల్లగాలి అంటే మాకు పండగ కన్నా ఎక్కువ. సాయంత్రం స్కూలు బస్సు దిగేసరికి మెడ మీద ఎండ చురుక్కుమనకపోతే, ఆరోజు నేనూ తమ్ముడూ మెట్లన్నీ పరుగున ఎక్కేవాళ్ళం. గాలి మారిందంటే నాయన ఫోన్ తగ్గుతుంది. ఫోన్ తగ్గిందంటే నాయన పొద్దుగూకే మగ్రిబ్ నమాజుకే ఇంటికొస్తాడు. కాళ్ళు కడుక్కుని, లుంగీ కట్టుకుని, చాపమీద బాసింపట్టు వేసుకుని, "ఏందిరా సంగతులు," అంటాడు. ఆ మాట కోసం మేము ఏడాదంతా సంగతులు దాచిపెట్టుకునేవాళ్ళం.

తర్వాత ఏసీ మూసే రోజు వచ్చేది. ఎప్పుడో నాయనే చెప్పాలి. ఒక సాయంత్రం కిటికీ రెక్క రెండువేళ్ళంత తెరిచి, చెయ్యి బయట పెట్టి చూసి, "సరే, ఇంగ మూద్దాం," అనేవాడు. నేల మీద పాత దుప్పటి పరిచి, ఏసీ ముందు భాగం విప్పి, జల్లెడ బయటికి తీసేవాడు. అందులో ఏడాది ఇసుక దుమ్ము గోధుమపిండి మాదిరి రాలేది. అది బాత్రూములో కడగడం నా వంతు. వెనకవైపు అట్ట పెట్టి టేపు అంటించడం తమ్ముడి వంతు. వాడు ఏసీకి అంటించినదానికన్నా వాడి జుట్టుకు అంటించుకున్నదే ఎక్కువ. వీటన్నిటికన్నా ముందు నాయన స్విచ్ ఆపేవాడు.

అప్పుడు మేమంతా నోరు మూసుకుని నిలబడేవాళ్ళం. ముందు ఏమీ వినిపించేది కాదు. తర్వాత ఒక్కొక్కటీ. మిద్దె మీద పావురాలు, కింద బకాలా కిరాణా కొట్టువాడు షట్టరు లాగడం, ఎదురింటి కుక్కరు, దూరంగా ఒక మసీదు అజాను, దాని వెనకే ఇంకో మసీదుది. అమ్మ ఊరికే, "ఉప్పు సరిపోయిందా," అంటే ఆ మాట ఇల్లంతా వినిపించేది. ఆవిడ గొంతు అంత మెత్తగా ఉంటుందని మాకు ఏడాదికొక్కసారి తెలిసేది.

మర్నాడు పెట్టెలు దించేవాళ్ళు. గల్ఫులో ఇల్లు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, బీరువా మీద విమానం పెట్టెలు పైకప్పును తాకుతూ ఉంటాయి. ఊరికి పోయేటప్పుడు అవి సామాన్ల పెట్టెలు, మిగతా కాలమంతా దుప్పట్ల పెట్టెలు. అమ్మ మూత తీయగానే కలరా ఉండల వాసన, దాని వెనక ఊరి వాసన వచ్చేవి. నేను తల లోపల పెట్టేసేదాన్ని. "పిల్లా, తుమ్ముతావు, బయటికి రా," అని అమ్మ నా జడ పట్టి లాగేది.

అన్నిటికీ అడుగున బొంత ఉండేది. మా తాత దూది ఏకే పని చేసేవాడు. జేజి పరుపులూ బొంతలూ కుట్టేది. అమ్మ కాపరానికి రియాద్ వచ్చేటప్పుడు జేజి తన పాతచీరలు పొరలు పొరలుగా వేసి నలుగురు పడుకునే బొంత ఒకటి కుట్టి ఇచ్చింది. ఇంకా మేము పుట్టనేలేదు. "ఇద్దరికి ఇంత బొంతెందుకత్తా," అని అమ్మ అడిగితే, "ఇద్దరే ఉంటారా ఏంది," అందట జేజి. దాంతోపాటు ఒక షరతు కూడా పెట్టింది. ఏటా చలి మొదలయ్యేటప్పుడు బొంతకు ఒక పొర వేయాలి. ఆ ఏడు ఇంట్లో ఉన్నోళ్ళందరిదీ తలా ఒక పాతబట్ట అందులో పడాలి. కొత్తబట్ట పనికిరాదు, ఒంటి మీద నలిగిందే కావాలి. మా బొంతలో నా పాలపళ్ళ నాటి గౌనుంది, తమ్ముడి మొలగుడ్డలున్నాయి, అమ్మ పెళ్ళి తర్వాత కట్టిన మొదటి వాయిలు చీరుంది. జ్వరమొస్తే బొంత కప్పుకుని వేలితో గళ్ళూ పువ్వులూ వెతుక్కుంటూ పడుకునేదాన్ని.

నేను చెప్పబోయే ఏడు నాయన చలికి ముందే ఇంటికొచ్చేశాడు.

అప్పట్లో మా స్కూలు పిల్లలకు కూడా రంగుల భాష వచ్చేసింది. సౌదీవాళ్ళలో తగినంతమందికి పని ఇచ్చిన కంపెనీ పచ్చ. ఇవ్వనిది ఎరుపు. దీనంతటినీ నితాకత్ అనేవాళ్ళు. ఎరుపులో పడ్డ కంపెనీ మనుషులకు ఇకామా పొడిగించరు, ఇకామా లేకపోతే ఆ దేశంలో ఉండటానికే లేదు. "మీ నాన్న పచ్చా, ఎరుపా?" అని క్రికెట్ టీముల గురించి అడిగినట్టు ఒకరినొకరం అడిగేవాళ్ళం. అది చాలనట్టు, పెళ్ళాంబిడ్డలను దగ్గర పెట్టుకున్నవాళ్ళు తలకింతని కట్టాలని కొత్త రూలు వచ్చింది. మా క్లాసులో బెంచీలు ఖాళీ అవుతూ వచ్చాయి. సోమవారం నా రబ్బరు అడిగి తీసుకున్న పిల్ల ఆదివారానికల్లా కేరళలో ఉండేది. ఆ రబ్బరు మళ్ళీ రాలేదు.

నాయన కంపెనీ ఎరుపులో పడింది, పని ఆపేశారు. చలి నడిమధ్యలో మా ఇకామా అయిపోతుంది. ఆలోగా పచ్చ కంపెనీ కఫీలెవడన్నా, అంటే పూచీ ఉండే యజమాని, నాయనను తీసుకుంటే ఉంటాం, లేకపోతే ఎగ్జిట్ ముద్ర కొట్టించుకుని కడపకు పోతాం. ఈ సంగతి మాకెవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. ఏసీ మోతలో మా ఇంట్లో రహస్యం చెప్పాలన్నా అరవాల్సిందే కదా, అట్లా తెలిసింది.

కానీ నిజం చెప్పొద్దూ, మాకు భయం కన్నా సంబరమే ఎక్కువ. పొద్దున లేస్తే నాయన ఇంట్లో ఉన్నాడు. వంటింట్లో పెనం ముందు నిలబడి ఎర్రకారం దోసెలు పోస్తున్నాడు. ఎర్రగడ్డలూ ఎండుమిరపకాయలూ నూరిన ఆ కారం ఘాటుకు ఫ్లాటంతా దగ్గేది. సాయంత్రం బస్సు దిగేసరికి కింద నిలబడి ఉండేవాడు. ముగ్గురం అఫ్ఘానీ రొట్టెల బట్టీకి వెళ్ళి, పొయ్యిలోంచి తీసిన తమీస్ రొట్టె కాగితంలో చుట్టించుకుని, ఇల్లు చేరేలోపే అంచులన్నీ కొరికేసేవాళ్ళం. మధ్యాహ్నాలు ఆయన కంపెనీల చుట్టూ తిరిగేవాడు. అది మాకు కనపడేది కాదు. కనపడేదల్లా తమీస్ రొట్టే.

గాలి మారింది. నాయన కిటికీలోంచి చెయ్యి పెట్టి చూశాడు కూడా. కానీ అమ్మ పెట్టెలు దించలేదు.

"మా, చలేస్తాంది," అన్నాడు తమ్ముడు, నుదుటి మీద చెమట తుడుచుకుంటూ.

"చొక్కా మీద చొక్కా ఏసుకో," అంది అమ్మ.

"బొంత దించు మా," అన్నాను నేను.

"దించి, మళ్ళా సర్ది, మళ్ళా ఎక్కించాల. ఏమవుతాదో తెలీకుండా ఏంటికి? రోంత గమ్మునుండండి."

గమ్మునుండే పిల్లలమా మేము. ఒక సాయంత్రం అమ్మ, ఆసుపత్రిలో పనిచేసే ఎదురింటి నర్సాంటీ దగ్గరికి వెళ్ళింది, నాయన బయటికి పోయాడు. కుర్చీ మీద స్టూలు, స్టూలు మీద నేను, కింద కుర్చీ కాళ్ళు పట్టుకుని తమ్ముడు. పెట్టె పిడి నా చేతికందింది. లాగాను. అది ముందుకు వంగింది, నేను వెనక్కి వంగాను, తమ్ముడు కుర్చీ వదిలేసి మంచం కిందికి దూరాడు. ఆ చప్పుడుకు కింది అంతస్తు పాకిస్తానీ ఆయన, "ఖైరియత్ తో హై?" అని, అంతా క్షేమమేనా అన్నట్టు, మెట్ల మీదినుంచి కేకేశాడు. పెట్టె మూత విరిగింది. నేను మాత్రం భద్రంగా ఉన్నాను, ఎందుకంటే నాకన్నా ముందు బొంత కింద పడింది. దాని మీద పడ్డాను.

అమ్మ పరిగెత్తుకొచ్చింది, వెనకే నర్సాంటీ. అమ్మ నా తల తడిమింది, మోచేతులు తడిమింది, తర్వాత బొంతను తడిమింది. వీపు చిట్లుతుందనుకుని కళ్ళు మూసుకున్నాను. దెబ్బ పడలేదు. అమ్మ బొంత మీద కూలబడి నవ్వుతోంది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంటోంది.

"దిగొచ్చింది కదా ఇంగ. దిగొచ్చినదాన్ని మళ్ళా ఎక్కించేదేముంది," అంది. "రేపు మిద్దె మీద ఎండేద్దాం."

నాకు నేల మీద కాళ్ళు ఆనలేదు. తమ్ముడు మంచం కిందినుంచే, "నేనే చెప్పినా మా, నేనే చెప్పినా లాగమని," అన్నాడు.

మర్నాటినుంచి మా ఇల్లు బొంతల కార్ఖానా అయిపోయింది. బొంత మిద్దె మీదికి పోయింది, నీళ్ళ ట్యాంకుల మధ్య తాడు మీద ఎండింది. ఇంట్లో దిండ్లు కూడా రాళ్ళయ్యాయని అమ్మ గొణిగింది. దాంతో నాయనకు పూనకం వచ్చింది. వైర్లు దూర్చే ప్లాస్టిక్ పైపు వంచి, దానికి నైలాన్ తాడు బిగించి, మా తాత దూది ఏకే విల్లు లాంటిది ఒకటి తయారుచేశాడు. తాడు మీద చపాతీ కర్రతో కొడితే టంయ్ మనేది.

"మా నాయిన కొడతాంటే వీధి చివరికి వినపడేది," అన్నాడు. "నేనొద్దనుకొని మెకానిక్కు పని నేర్చుకున్యా. చూడు, చెయ్యి మర్చిపోలా."

దిండ్ల దూది హాలు మధ్యలో కుప్ప పోశాడు. దూది బయటికి ఎగరకుండా కిటికీలు మూశాడు, తలుపు మూశాడు. టంయ్ టంయ్ మని మొదలుపెట్టాడు. గడ్డకట్టిన దూది విడిపోయి, ఉబ్బి, మోకాలెత్తు లేచింది. తమ్ముడు దాంతో మీసాలు పెట్టుకుని హాలంతా తిరుగుతున్నాడు. మూసిన గదిలో నాయనకు చెమటలు పట్టాయి. ఒక చేత్తో మొహం తుడుచుకుంటూ, ఇన్నేళ్ళ అలవాటున, చూడకుండానే రెండో చెయ్యి గోడ మీదికి పోనిచ్చి ఏసీ స్విచ్ వేశాడు.

దూది ఏకేవాడి కొడుకూ ఏసీ మెకానిక్కూ ఒక్క మనిషే అయితే జరిగే పని అది. కుప్ప మొత్తం లేచింది. హాలు తెల్లబడిపోయింది. మేము ఒకరికొకరం కనిపించలేదు. కూరలో దూది, టీకి వచ్చిన నర్సాంటీ గ్లాసులో దూది, అమ్మ నోట్లో దూది. సగం దూదిని ఏసీ పీల్చేసుకుని, దగ్గి, వాసనేసి, తనంతట తనే ఆగిపోయింది.

"ఏవండీ అన్నయ్యగారూ," అంది నర్సాంటీ, కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "ఊళ్ళో వాళ్ళ ఏసీలు బాగుచేస్తారని విన్నాం గానీ, మీ ఇంట్లోది ఇట్టా చంపుతారని ఎవరూ చెప్పలేదండీ."

నాయన ఆ నవ్వు నవ్వడం నేను అంతకు ముందు చూడలేదు. నవ్వి నవ్వి దూదిలో దొర్లాడు. అలా ఆ ఏడు మా ఇంట్లో ఏసీ మూసే రోజు వచ్చింది. ఎవరూ కిటికీలోంచి చెయ్యి పెట్టి చూడనవసరం లేకుండానే ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

తర్వాత పొర వేయడం. హాల్లో బొంత పరిస్తే నడవడానికి దారి ఉండేది కాదు, గోడలకు ఆనుకుని పోవాలి. నేను ఐదో తరగతి యూనిఫాం గౌను ఇచ్చాను. తమ్ముడు ఫుట్‌బాల్ బనీను ఇవ్వనని మంకుపట్టు పట్టి, చివరికి దాన్ని సరిగ్గా నడిమధ్యలో వేస్తేనే ఇస్తానన్నాడు. నర్సాంటీ ఒక నీలంరంగు నూలుచీర మడిచి తెచ్చింది. ఆవిడది గుంటూరు వైపు. పిల్లలిద్దరూ అక్కడ వాళ్ళమ్మమ్మ దగ్గర పెరుగుతున్నారు.

"నాదీ వెయ్యక్కా. డ్యూటీ అయ్యాక నేనుండేది మీ ఇంట్లోనేగా," అంది.

జేజి రూలు ప్రకారం కుదురుతుందా అని అమ్మ ఫోన్లో అడిగింది. "అన్నం తింటాదా మనింట్లో?" అని జేజి అడిగింది. తింటుందని అమ్మ చెప్పింది. "మల్ల అడుగుతావేంది, కుట్టు," అంది జేజి.

అమ్మ ఒకవైపు, నర్సాంటీ ఒకవైపు, నడుమ నేను. నాకు పెద్ద సూది ఇచ్చారు. శొంఠి కాఫీ తాగుతూ, వేయించిన చెనిక్కాయలు నములుతూ, నమాజు అయ్యేసరికి ఒక వరస, అన్నాలయ్యేసరికి ఒక వరస. బయట మొదటి వాన పడింది ఆ వారంలోనే. రియాద్‌లో వాన పడితే పిల్లలకు పిచ్చెక్కుతుంది. మిద్దె మీదికి పరిగెత్తి తడిసి ముద్దై వచ్చి, బొంత మీద అడుగు పెట్టబోతే ఇద్దరు ఆడవాళ్ళూ ఒక్కసారే సూదులెత్తారు.

ఇక మిగిలింది నాయన బట్ట. ఆయన రోజూ, "రేపిస్తా," అనేవాడు.

ఒక సాయంత్రం తలుపు తోసుకుని వచ్చాడు. చేతిలో తమీస్ రొట్టెలు, బక్లావా మిఠాయి డబ్బా. "దొరికినాడు," అన్నాడు. "పచ్చ కంపెనీ. కఫీలు మంచోడు. సంతకం అయిపోయింది."

నేనూ తమ్ముడూ బొంత మీద ఎగిరాం. ఎవరూ సూది ఎత్తలేదు. ఇంక ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు, చలికాలమంతా ఇల్లే, నాయనే, దోసెలే. తమ్ముడు డబ్బా మూత తీసేశాడు. నాయన ఒంటి మీది కంపెనీ చొక్కా విప్పి, జేబు మీది బిళ్ళ పీకేసి, అమ్మకిచ్చాడు. "ఇదిగో నా బట్ట. దీంతో ఇంగ పని ల్యా."

అమ్మ చొక్కా తీసుకుంది. "ఇల్లు?" అని అడిగింది.

"రూము వాళ్ళే ఇస్తారు," అన్నాడు నాయన. ఆ మాట మా వైపు చూడకుండా అన్నాడు.

అమ్మ సూది ఆగింది. నర్సాంటీ లేచి వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పింది. రూము అంటే ఏమిటో గల్ఫు పిల్లలకు తెలుసు. ఫ్లాటు అంటే కుటుంబం. రూము అంటే ఒకదాని మీద ఒకటి ఇనప మంచాలు, మగవాళ్ళు, పొయ్యి దగ్గర వంతులు. కంపెనీ నాయనకు మాత్రమే ఇకామా రాస్తుంది, మమ్మల్ని రాయదు. నాయన ఉండొచ్చు, మేము పోవాలి.

నా నోట్లో బక్లావా ముక్క ఉంది. మింగాలో ఉమ్మాలో తెలియలేదు. అంత తియ్యటి వస్తువును అంత కోపంగా తినడం మళ్ళీ ఎప్పుడూ జరగలేదు నాకు.

"పిల్లలకు చదువుండాది, ఊర్లో మా అమ్మ ఉండాది," అని నాయన ఏవేవో చెబుతున్నాడు. అమ్మ ఆ చొక్కాను బొంత మీద పరిచి, చేతులు చక్కగా చాపి, నాలుగు మూలలా సూది గుచ్చింది. "ముందు ఇది కుట్టనీ," అంది.

అమ్మ మరుసటి రోజు నర్సాంటీతో, "ఎట్లుంటావమ్మా నువ్వు, పిల్లల్ని వదిలి? అలవాటవుతాదా?" అని అడగడం విన్నాను.

"అవుద్దని అందరూ చెప్తారక్కా," అంది నర్సాంటీ. "అవదు. రోజులైతే పోతాయి. అంతే."

నేను అమ్మకు ఒకటే చెప్పాను. టికెట్టు రోజు దాకా బొంత కిందే పడుకోవాలి, నలుగురం, హాల్లోనే. అమ్మ ఒప్పుకుంది. అమ్మా నాయనా అటూ ఇటూ, మేము నడుమ. తమ్ముడు కాళ్ళతో తన్నేవాడు. పొద్దున్నే కిటికీ అద్దం చల్లగా ఉండేది, నాయన లేచి దోసెల పిండి కలిపేవాడు, నేను బొంతలో ముక్కు దాకా మునిగి ఆయన నిలబడ్డ వైపే చూసేదాన్ని. అమ్మ పిలిచినా లేచేదాన్ని కాదు. ఇప్పుడు చెప్పినా ఎవరూ నమ్మరు గానీ, నా చిన్నతనంలో నేను చాలా సంతోషంగా ఉన్న రోజులు అవే. ముందు ఏముందో తెలిసి కూడా అంతే.

పెట్టెలు సర్దే రోజున బొంత దగ్గర పేచీ వచ్చింది. విమానంవాళ్ళ బరువులో బొంత కుదరదు. "నువ్వే ఉంచుకో, చలి నీకు," అంది అమ్మ. "రూములో మంచం జానెడు. యాడ పరుచుకోవాల దీన్ని? మీరే తీసుకపోండి," అన్నాడు నాయన. "అక్కడ రాళ్ళు పగిలే ఎండకు బొంతేంటికి," అంది అమ్మ. మాటలు పెరిగాయి. వాళ్ళు పోట్లాడేది బొంత గురించి కాదని నాకు అర్థమవుతూనే ఉంది. చివరికి నాయన జేజికి ఫోన్ కలిపాడు.

జేజి అంతా వింది. "నడిమికి కోయండి," అంది. "చెరి సగం పెట్టుకోండి. కుట్టిన చేతులుండాయి, కలపను రాదా?"

నాయన కత్తెర తీసుకున్నాడు. బొంత ముందు కూర్చుని, లేచాడు. దూది ఏకేవాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి చేతులు రాలేదు. అమ్మ కత్తెర అందుకుని తమ్ముడి ఫుట్‌బాల్ బనీను మీదుగా, నర్సాంటీ చీర మీదుగా, నాయన చొక్కా మీదుగా తిన్నగా కోసుకుంటూ పోయింది. తమ్ముడు తన బనీను మీద ఉన్న అంకె రెండు ముక్కలైందని ఏడ్చాడు. వాడికి ఏడవడానికి అదన్నా దొరికింది.

కడపలో చలి ఎక్కడిది. మా సగం ఇనప్పెట్టెలో అట్లాగే ఉండిపోయింది. జేజి ఉన్నంతకాలం ఏటా గుర్తుచేసేది, "పొర ఏద్దామా," అని. అమ్మ, "ఆయన రానీలే," అనేది. జేజి పోయింది, నాకు పెళ్ళయింది, తమ్ముడు ఉద్యోగంలో చేరాడు. నాయన రెండేళ్ళకోసారి వచ్చి పోయేవాడు. మిగతా కాలమంతా ఫోన్లో గొంతు. చిన్నప్పుడు తమ్ముడు అనుకున్నదే నిజమైంది. ఏటా ఆ రోజుల్లో ఒక సాయంత్రం ఫోన్ చేసి, "ఈ పొద్దు ఏసీలు మూసినాం," అనేవాడు. ఇంకేమీ చెప్పేవాడు కాదు. మేమూ ఏమీ అడిగేవాళ్ళం కాదు.

నిన్న నేను వెళ్ళేసరికి అమ్మ పాత ఇనప్పెట్టెలోంచి మా సగం తీసి నేల మీద పరిచింది. మడతల దగ్గర తప్ప రంగు కూడా పోలేదు. పక్కనే నాయన సగం. ముందు నేను గుర్తుపట్టలేదు. పరుపంత మందంగా ఉంది. అంచు ఎత్తి చూశాను. పైన ఒక నీలం చొక్కా, దాని కింద ఇంకో నీలం చొక్కా, దాని కింద బూడిదరంగుది, దాని కింద మళ్ళీ నీలం. జేబుల మీద బిళ్ళలు పీకేసిన దారాలు అట్లాగే ఉన్నాయి. వంకరటింకర కుట్లు, ఒకచోట దారం దొరక్క కరెంటు పనికి వాడే సన్నటి తీగతో వేసిన కుట్టు. ఒక్క ఏడూ తప్పలేదు. ఆ ఏడు ఇంట్లో ఉన్నోళ్ళందరిదీ ఒక బట్ట. ప్రతి ఏడూ ఒక్కడిదే.

నాయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "మీ జేజి చెప్పినాది కదా, తప్పకూడదు," అన్నాడు. ఏదో చిన్న పొరపాటుకు సంజాయిషీ చెప్పుకున్నట్టు అన్నాడు. ఆయన బొంత మీదే కూర్చుని ఏడ్చాను. దానికి ఇసుక వాసన, మిషను ఆయిలు వాసన వచ్చాయి.

అమ్మ ఏడవలేదు. రెండు సగాలనూ దగ్గరికి జరిపి, తమ్ముడి బనీను అంకె కలిసేలా సర్దింది. ఒకవైపు ఎత్తు, ఒకవైపు పల్లం. కలిపి కుట్టినా అది అట్లాగే ఉంటుంది. ఫర్వాలేదు, కప్పుకునేటప్పుడు బరువు ఎటువైపు ఉందో తెలిసిపోతుంది.

"సూదిలో దారం ఎక్కీ, నాకు ఆనడంల్యా," అంది అమ్మ నాతో. దారం ఎక్కించి ఇచ్చాను. "ఇంగ ఈ ఏటిది కూడా ఏద్దాం. ఇంట్లో ఉన్నోళ్ళందరూ తలా ఒకటి తెండి."

నేను చున్నీ ఇచ్చాను. తమ్ముడికి ఫోన్ చేస్తే, బెంగళూరు నుంచి కొరియర్‌లో పంపుతానని, నడిమధ్యలోనే వేయాలని అన్నాడు. నాయన లోపలికి పోయి చాలాసేపు వెతికాడు. చొక్కా తెస్తాడనుకున్నాను. ఇంట్లో కట్టుకునే లుంగీ తెచ్చాడు. వచ్చి వారం కూడా కాలేదు కదా, అదింకా సరిగ్గా నలగను కూడా లేదు. అమ్మ దాన్ని వేళ్ళతో నలిపి చూసి, "ఇంకో నెల కట్టుకో, అప్పుడు ఇద్దువు," అని తిరిగి ఇచ్చేసింది.

"సరే," అన్నాడు నాయన. లుంగీ భుజాన వేసుకుని, బొంత అంచు పట్టుకుని కూర్చున్నాడు.